కాలువ మొదలు ఒక జిల్లా, కొస ఒక జిల్లా

మా అక్క కూతురికి కాలువల శాఖలో ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. మొన్న స్వీటు డబ్బా పట్టుకొని సూర్యాపేటలో మా ఇంటికి వచ్చి, "చిన్నమ్మా, నువ్వు చేసిన కొలువే కదా, ఎట్లుంటదో జర చెప్పు" అంది. చెప్పాను. సగం వినేసరికి దాని ముఖంలో నవ్వు పోయింది. దాని వెంట వచ్చిన మా అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, "సంతోషంగ వచ్చిన పిల్లకు గవన్నీ ఎందుకే" అని కోప్పడింది. నేను నోటితో చెబితే తిట్టినట్టే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. నిజమే. అందుకని రాస్తున్నాను. చదివేవాళ్లు నా గొంతు వినకుండా చదువుకోవచ్చు.

పదోన్నతులు ఎప్పుడు వచ్చాయి, ఎవరు ఆపారు, ఏ ఫైలు ఎక్కడ ఆగింది, ఇవేవీ రాయను. ప్రతి ప్రభుత్వోద్యోగి దగ్గరా అవే కథలుంటాయి. రిటైరైన రోజు కప్పిన శాలువా బీరువాలో ఉంది, కావలసినవాళ్లు పట్టుకుపోవచ్చు. కాలువ గురించి, దాని కొసన ఉన్న మనుషుల గురించి మాత్రం చెబుతాను.

నేల సంగతి

మాది మునగాల. నాన్న బడిపంతులు. ఆదివారం చర్చిలో పాటలు, మిగతా రోజులు బడిలో ఎక్కాలు చెప్పించేవాడు. హైవే మీద లారీలు, దాబాలు, రోడ్డుకు రెండు వైపులా వరి పొలాలు. అంతా ఇట్లాగే ఉంటుందనుకున్నాను. ఉద్యోగంలో చేరి మొదటిసారి తిరుమలగిరికి పోయినప్పుడు ఇది కూడా మన జిల్లాయేనా అని అనుమానం వచ్చింది. అప్పటికి ఇంకా అంతా ఒకటే జిల్లా. అక్కడ ఎర్రనేలలు, పత్తి చేలు, వరసగా ఎండిన బోర్లు. కాలువ తవ్వి ఏళ్లు గడిచినా అందులోకి నీళ్లు రాలేదు. నేను కాలువ గట్టు మీద టేపు పట్టుకొని కొలతలు తీస్తుంటే ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు.

"ఏం కొలుస్తున్నవ్ బిడ్డా?"

"కాలువ లోతు, పెద్దయ్యా. పూడిక ఎంత ఉందో చూస్తున్న."

"లోతు మంచిగనే ఉన్నది. మా మేకలు దిగినయంటే బయటికి రాలేవు. కాపలా మనిషి ఖర్చు తప్పింది మాకు."

ఆయన ఎగతాళి చేస్తున్నాడని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. నవ్వాను. ఆయన నవ్వలేదు.

అక్కడి నుంచి త్రిపురారం వైపు బదిలీ అయింది. అక్కడ నేల వేరు, మనుషుల నడక కూడా వేరు. కాలువ పక్కనే పొలం. తూము ఎత్తితే చాలు, ఏడాదికి రెండు పంటలు. వాళ్లు ఆకాశం వైపు చూడగా నేను చూడలేదు. నీరు పల్లమెరుగు అంటారు మనవాళ్లు. ఈ శాఖలో చేరాక ఆ సామెత మీద నాకు నమ్మకం పోయింది. మా దగ్గర నీళ్లు ముందు పలుకుబడిని ఎరుగుతాయి. ఆ తర్వాత ఏమైనా మిగిలితే పల్లానికి పోతాయి.

కింది నుంచి పైకి

నా మొదటి పెద్దాఫీసరు రంగారావు గారు. మంచివాడని చెప్పను. నోరు పాడు. నన్ను మూడుసార్లు ఏడిపించాడు. కానీ కాలువ చూడడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మా శాఖలో అందరూ జీపులో కాలువ మొదలుకు పోతారు. అక్కడ గెస్ట్ హౌస్ ఉంటుంది, నీడ ఉంటుంది, కాలువలో నిండుగా నీళ్లు కనిపిస్తాయి. రంగారావు గారు మాత్రం బస్సెక్కి కాలువ కొసకు పోయి దిగేవాడు. చివరి తూము దగ్గర మొదలుపెట్టి, గట్టు మీద పైకి నడిచేవాడు. వెనక మేము.

"మొదటి తూము కాడ నీళ్లు చూసి ఏం జేస్తవమ్మా? అక్కడ మనం లేకున్నా నీళ్లు వస్తయి. మనకు జీతమిచ్చేది కొసన ఉన్నోడి కోసం" అనేవాడు.

దాంట్లో ఇంకో సంగతి ఉంది. పైపొలాల రైతులు కాలువలో అడ్డాలు వేస్తారు. గడ్డిమోపులు, రాళ్లు, ఎరువుల సంచుల్లో మట్టి నింపి కాలువకు అడ్డంగా పడేస్తే నీటి మట్టం లేస్తుంది, తమ తూములోకి ఎక్కువ పారుతుంది. జీపు వస్తోందని కబురు తెలియగానే వాటిని లాగేస్తారు. అందరి కళ్లూ పైనుంచి వచ్చే రోడ్డు మీదే ఉంటాయి. కింది నుంచి నడిచి వచ్చేవాళ్ల కోసం ఎవరూ చూడరు. రంగారావు గారు అట్లా ఎన్ని అడ్డాలు పట్టుకున్నాడో లెక్క లేదు. పట్టుకున్న ప్రతిసారీ ఆయనకు ఒక ఫోను వచ్చేది. చివరికి ఆయన్ని హైదరాబాదులో డిజైన్ల సెక్షన్‌లో కూర్చోబెట్టారు. కాలువ లేని చోట ఆయన ఎక్కువ కాలం బతకలేదు.

ఆయన తర్వాత వచ్చినవాళ్లెవరూ కొసకు నడవలేదు. కాలువ మొదట్లో నీటి మట్టం చూపే కొలబద్ద చూసేవాళ్లు, అంకె వేసుకునేవాళ్లు, పోయేవాళ్లు.

గీత

తర్వాత జిల్లా ముక్కలైంది. సూర్యాపేట కొత్త జిల్లా, కోదాడ ఇటు వచ్చింది. మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. సూర్యాపేటలో పటాకులు కాల్చారు. నేనూ సంతోషపడ్డాను, కాదనను. కలెక్టరు దగ్గరికి పోవాలంటే పొద్దున్నే అన్నం మూట కట్టుకొని బస్సెక్కిన జనాన్ని చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని.

కాని గీత గీసినవాళ్లు రోడ్లు చూశారు, మండలాలు చూశారు, ఓట్లు చూశారు. కాలువలు చూడలేదు. మా దగ్గర ఒక పిల్లకాలువ ఉంది. పేరు రాయను, రాస్తే ఇప్పుడక్కడ పనిచేసేవాళ్ల మీద పడతారు. అది మిర్యాలగూడ వైపు పెద్దకాలువ నుంచి విడిపోయి, తూర్పుకు పారి, సూర్యాపేట జిల్లాలోని ఒక తండా దగ్గర ముగుస్తుంది. గీత పడ్డాక దాని మొదలు ఒక జిల్లాకు, కొస ఇంకో జిల్లాకు పోయింది. మధ్యలో ఒక చిన్న వంతెన. వంతెనకు అటు, కాలువ పైభాగాన, వాళ్ల ఆఫీసు, దాన్ని పై ఆఫీసు అనేవాళ్లం. ఇటు మా ఆఫీసు. నేనప్పుడు ఇటువైపు డీఈని, అంటే డిప్యూటీ ఇంజనీరుని.

పంట మొదలయ్యే ముందు కాలువలో పూడిక తీయాలి, నీళ్లలో అల్లుకునే తూటికాడ కలుపు కోయాలి. పై ఆఫీసు వంతెన కనిపించేదాకా తీసి ఆపింది. మా ఆఫీసు వంతెన దాటిన తర్వాత మొదలుపెట్టింది. వంతెన కింద, దానికి అటూ ఇటూ ఉన్న కాస్త మేర ఎవరూ తీయలేదు. అది మీది అని వాళ్లు, మీదే అని మా వాళ్లు. మా పైఅధికారికి ముందే చెప్పాను. "వాళ్ల జాగాల మనం చెయ్యి పెడితే రేపు ఆడిట్‌లో మనల్నే అడుగుతరమ్మా" అన్నాడు. రెంటికీ చెడ్డ రేవడి అయింది ఆ వంతెన.

పొట్టకొచ్చిన వరి

ఆ యాసంగి పంటకాలంలో ఒక పొద్దున నేను ఆఫీసుకు పోయేసరికి మెట్ల మీద ఇద్దరు కూర్చొని ఉన్నారు. ఒకరు రూప్లా, నలభై దాటిన మనిషి. ఇంకొకరు ఆయన భార్య మంగ్లీ. కాలువ కొసన ఉన్న తండా వాళ్లది. చివరి తూము కింద రెండెకరాల పొలం.

"వరి పొట్టకొచ్చింది మేడం" అన్నాడు రూప్లా లేచి నిలబడి. "నేల నెర్రెలు వాసింది. ఒక్క తడి ఇయ్యుండ్రి. ఒక్కటే. మల్ల మీ గడప తొక్కం."

మంగ్లీ ఆయన్ని ఆపి ముందుకు వచ్చింది. "ఈ పంట పోతే మా ఆయన కూలికి పోత అంటుండు మేడం. మా మామ జొన్నలేసుకునే చెల్క అది. కాల్వ వస్తది, వరి పండుతది అని మీ ఆఫీసోళ్లే చెప్తే చదును చేసి మడి కట్టిండు. రాళ్లు ఏరి ఏరి ఆయన నడుము వంగిపోయింది. ఇప్పుడు మేం ఇడిచిపెట్టి పోవాల్నా?"

వాళ్లు అడిగిందేమీ దయ కాదు. శాఖ ఇస్తానన్న నీళ్లే అడిగారు. ఆ పొలం నిలిస్తే వాళ్లు రైతులు, పోతే కూలీలు. అంతకు మించి ఆ కేసులో దాగినదేమీ లేదు.

ఆ రోజే మా లస్కర్ యాదయ్యను వెంటబెట్టుకొని కొసకు పోయాను. లస్కర్ అంటే కాలువ గట్టున తిరిగి తూములు ఎత్తి దించే మనిషి. యాదయ్యకు మోకాళ్ల నొప్పులు, దారి పొడుగునా మూలుగుతూనే నడిచాడు. రూప్లా మడి దగ్గర కాలువలో చెప్పులు తడవలేదు. అక్కడి నుంచి పైకి నడిచాం. వంతెన దగ్గరికి వచ్చేసరికి నీళ్లు కనిపించాయి. వంతెనకు పైన నిండుగా ఉన్నాయి. కింద తూటికాడ మనిషి ఎత్తు అల్లుకుపోయి, దాని వేళ్లలో మట్టి పట్టి గోడ కట్టేసింది. ఆ గోడను దాటలేక నీళ్లు పక్క గట్టు తెంపుకొని వాగులోకి పోతున్నాయి.

కొలబద్ద వంతెనకు పైన ఉంది. నీళ్లు పారక నిలబడి ఉన్నాయి కాబట్టి బద్ద మీద మట్టం ఎక్కువ చూపిస్తోంది. పై ఆఫీసు రోజూ ఆ అంకెనే పంపుతోంది: మీ వాటాకంటే ఎక్కువే ఇస్తున్నాం అని. మా పైఅధికారి కూడా ఆ అంకె చూసే, "నీళ్లు బాగనే వస్తున్నయి కదమ్మా, మీ తండావాళ్లు ఎక్కువ చెప్తున్నరు" అన్నాడు.

"నిలబడ్డ నీళ్లు సార్ అవి, పారుతున్నవి కావు. ఒక్కసారి వచ్చి చూడుండ్రి" అన్నాను.

"అంకె ఉన్నంక చూసేదేముంది?" అన్నాడాయన.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు. మూసుకుపోయిన కాలువలోనే మట్టం అందరికంటే గొప్పగా కనిపిస్తుంది.

ఒక్క రోజు

చేయాల్సిన పని చిన్నది. ఒక్క రోజు పైన గేటు దించితే, పొక్లెయిన్ దింపి ఆ గోడను తీసేయవచ్చు. గేటు వాళ్ల జిల్లాలో ఉంది. నేను పై ఆఫీసుకు పోయాను. అక్కడి ఇంజనీరు నాతోపాటే చదువుకున్నవాడు, మర్యాదగా టీ తెప్పించాడు. "నాకు ఇబ్బంది లేదు. మా రైతులు ఒప్పుకుంటే దింపుత" అన్నాడు.

రైతుల దగ్గరికి పోయాను. వాళ్లలో పెద్దమనిషి సత్తయ్య. ఆయనది కాలువ పక్కనే పచ్చటి పొలం. నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి అంతా విన్నాడు.

"మీరు చెప్పేది నిజమే మేడం. కిందోళ్లు ఎండుతున్నరు, నాకు తెల్సు. కని మీరు ఒక్క రోజు అంటున్నరు. మీ శాఖ ఒకపాలి గేటు దించితే మల్ల ఎత్తనీకి ఎన్ని రోజులైతదో మాకు తెల్వదా? పోయిన యేడు రిపేరని దించి, తాళంచెవి లేదని వారం ఆపిండ్రు. నా వరి కూడ పొట్ట మీదనే ఉన్నది."

ఆయన్ని ఏమనగలను? తాళంచెవి పోగొట్టింది మేమే. కిందివాడికి నీళ్లివ్వకుండా, పైవాడికి నమ్మకం ఇవ్వకుండా ఇన్నేళ్లు గడిపిన శాఖ మాది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా దగ్గర ఇద్దరు పూజారులు, మధ్యలో తాళం.

నేను తండాకు కబురు పంపాను, గేటు సంగతి తేలడం లేదని. వాళ్లు ఇంకెవరి కోసమూ ఎదురుచూడలేదు. మర్నాడు పొద్దున్నే ఆడామగా కొడవళ్లు, పారలు పట్టుకొని వంతెన దగ్గర నీళ్లలో దిగారు. మధ్యాహ్నానికి నేను పోయేసరికి సగం తూటికాడ గట్టు మీద కుప్ప పడి ఉంది. మంగ్లీ మెడలోతు నీళ్లలో నిలబడి వేళ్లు కోస్తోంది. నన్ను చూసి తన భాషలో మొగుడితో ఏదో అంది. నాకు అర్థం కాలేదు కాని ఇద్దరూ నవ్వారు. ఆ యాసంగిలో వాళ్లు నవ్వగా చూసింది అప్పుడే.

కాసేపటికి పోలీసు జీపు వచ్చింది. పక్క జిల్లా వాళ్లు వచ్చి మా కాలువ కట్టడాన్ని పాడు చేస్తున్నారని ఎవరో ఫిర్యాదు ఇచ్చారట. నేను డీఈనని, నా ఎదుటే పని జరుగుతోందని చెప్పాను. ఆ పోలీసాయన అడిగిన మాట ఒక్కటే.

"మీరు ఏ జిల్లా డీఈ మేడం?"

చెప్పాను. "మరి మీరు కూడ ఈ జాగల నిలబడొద్దు కదా" అన్నాడు.

తండావాళ్లు తడిబట్టలతో గట్టెక్కి నడిచి వెళ్లిపోయారు. నా ఉద్యోగ జీవితంలో నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని నేను అనుకోవడమూ లేదు.

తర్వాత ఉమ్మడి మీటింగ్ పెట్టారు. రెండు జిల్లాల పెద్దలు, రెండు ఆఫీసులు, జీడిపప్పు ప్లేట్లు. వంతెన ఎవరిదో తేల్చాలని సర్వేయరును పిలిచారు. సర్వేయరు వేరే పనిలో ఉన్నాడని మీటింగ్ వాయిదా వేశారు. నేను లేచి, "సార్, వంతెన ఎవరిదైనా కానీండ్రి, వరి ఆగదు" అన్నాను. అందరూ ఒక్కసారి తలెత్తి చూసి, తర్వాతి అంశానికి పోయారు.

హారతి పళ్లెం

చివరికి వరి కోసం కాదు, ఫొటో కోసం కదిలారు. నెర్రెలు విచ్చిన మడిలో మంగ్లీ కూర్చున్న ఫొటో ఒక పేపర్లో పడింది. ఆ పొద్దున్నే ఫోన్లు మోగాయి. మధ్యాహ్నానికి గేటు దిగింది, సర్వేయరు అక్కరలేదు, తాళంచెవి దొరికింది, పొక్లెయిన్ వచ్చింది. సాయంత్రానికి గోడ లేదు. ఇన్ని రోజులు అందరినీ ఆపిన పని ఒక పూటలో అయిపోయింది.

చివరి తూముకు నీళ్లు వచ్చే రోజున ఒక నాయకుడు వస్తున్నాడని షామియానా వేశారు. పూలు, కొబ్బరికాయలు, హారతి పళ్లెం. నేను ముందుగా పోయాను. రూప్లా గట్టు మీద చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆయన మడిలో గొర్రెలు మేస్తున్నాయి. పొట్టలోనే ఎండిపోయిన వరిని అవి మొదళ్లదాకా కొరుకుతున్నాయి.

"నిన్న తోలిన మేడం" అన్నాడు. "మొన్న ఒక కర్ర ఇరిచి చూసిన. లోపల తెల్లగ అయింది. ఇగ ఉంచి ఏం లాభం. గొల్లాయన అడిగిండు, తోలుకోమన్న."

నాయకుడు వచ్చాడు. చివరి ఆయకట్టు రైతు ఎవరని అడిగితే అందరూ రూప్లాను ముందుకు తోశారు. ఆయన చేతికి పళ్లెం ఇచ్చారు. ఫొటోగ్రాఫరు గొర్రెలు కనబడకుండా అటు తిప్పి నిలబెట్టాడు. రూప్లా కాదనలేదు. కాలువలో నురగతో వచ్చిన మొదటి నీళ్లకు హారతి పట్టాడు. చప్పట్లు కొట్టారు. మా పైఅధికారి నా పక్కకు వచ్చి, "చూసినవా అమ్మా, ఓపిక పడితే అన్నీ అయితయి" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే నా పింఛను ఆలస్యమయ్యేది, అయినా చెప్పాల్సింది.

కార్లు పోయాక మంగ్లీ తూము ఎత్తింది. నీళ్లు మడిలోకి పారాయి. గొర్రెలు మేత వదిలి వచ్చి వరసగా నిలబడి తాగాయి.

"ఇప్పుడు నీళ్లెందుకు పెట్టినవ్ మంగ్లీ?" అని అడిగాను.

"వచ్చినయ్ కద మేడం. ఎండిన గడ్డి తిన్నయి, గొంతు పట్టుకుంటది వాటికి" అంది.

మిల్లు దగ్గర

ఆ తర్వాత వంతెన ఎవరిదో తేలిందని విన్నాను. బోర్డు కూడా పెట్టారట. నేను పోయి చూడలేదు.

రిటైరయ్యాక ఒకసారి బియ్యం కోసం మిర్యాలగూడలో మాకు తెలిసినవాళ్ల మిల్లుకు పోయాను. లారీలోంచి వడ్ల బస్తాలు దించుతున్న హమాలీల్లో ఒకాయన ఆగి నన్ను చూశాడు. తల మీద గోనెపట్టా, కనుబొమ్మల నిండా దుమ్ము. గొంతు విన్నాకే గుర్తుపట్టాను.

"మంచిగున్నరా మేడం?"

"రూప్లా, పొలం?"

"పడావు పడ్డది, దున్నేటోళ్లు లేరు. మంగ్లీ కూడ గీడనే ఉన్నది, లోపల ఊడుస్తది. పిల్లలు మా అత్త కాడ."

లారీ వైపు చూసి, ఇవి ఏ ఊరి వడ్లని అడిగాను. ఆయన ఊరి పేరు చెప్పాడు. వంతెనకు పైన, సత్తయ్య వాళ్ల ఊరు.

"మంచిగ పండినయ్ మేడం ఈ యేడు, గింజ బరువున్నది" అన్నాడు రూప్లా. "పైన తాగిన నీళ్లన్నీ ఈ బస్తాలల్లనే ఉన్నయ్. మోస్తుంటే తెలుస్తది."

మేస్త్రీ కేకేశాడు. రూప్లా వీపు వంచాడు, పైనున్నవాళ్లు బస్తా దించారు.